గుమ్మం మీద నల్ల ముఖం

సోమవారం తగ్గిన విషం బుధవారానికి మళ్ళీ పెరిగింది.

డాక్టర్ టాన్ రిపోర్టు కాగితాన్ని బల్ల మీద నందిత వైపు తిప్పింది. "పాప ఇక్కడ చేరిన రోజు రక్తంలో ఆర్సెనిక్ ఇంత ఉంది. మందు మొదలుపెట్టాక రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. ఈ ఉదయం తీసిన రక్తం చూడండి."

నందిత చూసింది. కిందికి దిగిన గీత చివర్లో గాలపు ముల్లులా పైకి లేచింది.

"ఇంట్లో ఏదో ఉందని మీరే అన్నారు. పాప ఆరు రోజులుగా ఇల్లే చూడలేదు. పాలు మీవి, నీళ్ళు మీవి, స్పూను కూడా మీదే. మరి ఇక్కడ ఎవరు..."

మాట సగంలో ఆగిపోయింది. మిగతా సగం తనకే తట్టింది.

డాక్టరు పక్కన కూర్చున్న ఆవిడ పేరు ఫరీదా. పిల్లల రక్షణ విభాగం నుంచి వచ్చింది. చాలా మెత్తగా మాట్లాడుతుంది. ఆ మెత్తదనానికే నందిత కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"ఈ ఆరు రోజుల్లో పాపని చూడ్డానికి వచ్చింది ముగ్గురే. మీరు, మీ భర్త, మీ అమ్మగారు. ఇవాళ్టి నుంచి మీలో ఎవరొచ్చినా గదిలో నర్సు ఉంటుంది. పోలీసులకి చెప్పాం. శుక్రవారం దాకా చూస్తాం. ఎక్కణ్ణుంచి వస్తోందో తేలకపోతే, పాప కోలుకున్నా మీ ఇంటికి రాదు. వేరే కుటుంబం సంరక్షణలో ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

"పెడుతున్నది ఎవరో తెలిసేదాకా."

అద్దం అవతల నిఖిల పడుకుని ఉంది. తొమ్మిది నెలల పిల్ల. చేతికి సూది, దాన్ని పీకకుండా బొమ్మల పట్టీ. రెండు చేతులతో పాదం పట్టుకుని బొటనవేలు నోట్లోకి లాక్కోవాలని చూస్తోంది. ఒంట్లో కాస్త ఓపిక వస్తే ఆ పిల్ల మొదట చేసే పని అదే.

నందిత ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తుంది. ఎక్కడ తప్పుందో వెతకడమే తన ఉద్యోగం. ముగ్గురు మనుషులు, ఒక పిల్ల, ఒక తప్పు. ముగ్గురిలో తను కాదు. మిగిలింది ఇద్దరు. ఒకరు పక్కన పడుకునే మనిషి. రెండోవారు తనని కన్న మనిషి.

*

ఈ జబ్బు మొదలై రెండున్నర నెలలు. ఆ ముఖం ఇంటికొచ్చి మూడు నెలలు.

నందిత భర్త మహీధర్ సెంబవాంగ్‌లో ఒక షిప్‌యార్డులో పెయింట్ ఇన్‌స్పెక్టరు. యార్డుకి దగ్గర్లో, ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి బంగళాలో ఉండే ఒక ముసలి దొర ఇల్లు ఖాళీ చేసి పోతూ సామానంతా వరండాలో పెట్టాడు. కావలసినవాళ్ళు తీసుకోండని అట్టముక్క మీద రాశాడు. మహీధర్ బుక్ షెల్ఫు కోసం వెళ్ళి ఆ ముఖం తెచ్చాడు. పాపువా అవతల ఏదో చిన్న ద్వీపంలో చెక్కిందనీ, పాపువావాళ్ళ పోకడలు అందులో కనిపిస్తాయనీ దొర చెప్పాడట. అంతకు మించి ఆయనకీ తెలియదు. ఎప్పుడో వేలంలో కొన్నాడు.

ఒకే దుంగలో చెక్కిన ముఖం. మూరెడు పొడుగు. ముక్కు కొక్కెంలా వంగి గడ్డాన్ని తాకుతుంది. కళ్ళ చోట గవ్వలు, కళ్ళ చుట్టూ ఎర్రమట్టి వలయాలు, నుదుటి మీంచి చెవుల దాకా తెల్లటి సున్నపు చారలు. మిగతాదంతా నలుపు. మసీ జిగురూ కలిపి పూసినట్టు దట్టమైన నలుపు. పెదాల మధ్య నాలుక కొస బయటికి ఉంటుంది. వెక్కిరిస్తోందో అరవబోతోందో తెలియదు. చెక్కినవాడి ఉలి పనితనం మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. ఎక్కడా ఒక్క గాటు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

నందిత తల్లి హైమావతి దాన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పురుడు పోయడానికి భీమవరం నుంచి ఈ దేశానికి వచ్చి, పిల్లని వదల్లేక ఉండిపోయిన మనిషి.

"అచ్చం మీ నాన్నగారే అల్లుడుగారూ. కోపం వచ్చినప్పుడు ఇదే మొహం."

"మా నాన్నకి మీసాలు కూడా ఉంటాయి అత్తయ్యగారూ. ఈయనే నయం," అన్నాడు మహీధర్.

ఆ రోజు నుంచి దాని పేరు వియ్యంకుడు. గోడకి అలంకారంగా పెడదామని మహీధర్ అన్నాడు. హైమావతి ఒప్పుకోలేదు. ఇంతకన్నా మంచి దిష్టిబొమ్మ భీమవరం మొత్తం తిరిగినా దొరకదంది. పదకొండో అంతస్తు కారిడార్‌లో, గుమ్మం పైన, నిమ్మకాయా పచ్చిమిరపకాయల దండ కింద వియ్యంకుణ్ణి వేలాడదీసింది.

మాట చివర 'లా' అతికించే పక్క ఫ్లాట్ గో అంకుల్ లిఫ్టు దిగి, దాన్ని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. "చాలా కోపంగా ఉన్నాడు లా. లోపలికి ఎవరూ రారు."

"రాకూడదనే అంకుల్," అంది నందిత నవ్వుతూ. అప్పటికి నవ్వుగానే ఉంది.

పదిహేను రోజులకి నిఖిలకి వాంతులు పట్టుకున్నాయి. తగ్గాయి. మళ్ళీ వచ్చాయి. పాకడం మానేసింది. తల దువ్వితే వెంట్రుకలు దువ్వెనకే వచ్చాయి. రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చారు. రెండుసార్లూ మూడు రోజుల్లో తేరుకుంది. ఇంటికి తెచ్చిన వారానికి మళ్ళీ వాడిపోయింది. హైమావతి ప్రతి మంగళవారం, ప్రతి ఆదివారం ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది.

"ఆ మొహం తీసెయ్యమ్మా. అది వచ్చాకే ఇదంతా," అని ఒకసారి నందిత గట్టిగానే అంది.

"పిచ్చిదానా, అది కాస్తోంది కాబట్టే పిల్ల ఇంకా మనకుంది. అది లేకపోతే ఎంతయ్యేదో ఆలోచించు."

మూడోసారి చేర్చినప్పుడు డాక్టర్ టాన్ గోళ్ళ మీద అడ్డంగా తెల్లటి చారలు చూసింది. రక్తాన్ని విషాల పరీక్షకి పంపింది.

*

బుధవారం సాయంత్రం ఫ్లాట్‌లో ముగ్గురూ ఉన్నారు. ముగ్గురూ వేరువేరుగా ఉన్నారు.

ఆరోగ్య శాఖ అధికారులు పొద్దున్నే వచ్చి బియ్యం, పప్పులు, కుళాయి నీళ్ళు, పాల డబ్బా, మందుల పెట్టె అన్నీ కొంచెం కొంచెం తీసుకెళ్ళారు. ఫలితాలకి వారం పట్టొచ్చన్నారు. ఫరీదా ఇచ్చిన గడువు శుక్రవారం.

బాత్రూంలో నీళ్ళు ఆగకుండా పోతున్నాయి. నందిత తలుపు తోసింది. మహీధర్ మోచేతుల దాకా బ్రష్షుతో రుద్దుకుంటున్నాడు. చర్మం ఎర్రగా కమిలిపోయింది.

"నేనే అయ్యుంటాను. ఓడకి పాత రంగు ఊడగొట్టేప్పుడు కొట్టే ఇసుకలో ఆర్సెనిక్ ఆనవాళ్ళు ఉంటాయి. ఆ దుమ్ము బట్టల్లో వస్తుంది. బట్టలు విప్పకుండా ఎన్నిసార్లు ఎత్తుకున్నానో."

"ఆసుపత్రికి స్నానం చేసే వచ్చావుగా."

"జుట్టులో ఉండిపోతుందేమో. గోళ్ళలో ఉంటుందేమో. నాకేం తెలుసు నందూ."

అతను నిజమే చెబుతున్నాడని తనకి తెలుసు. అయినా లోపల ఏదో లెక్క కడుతూనే ఉంది. మంగళవారం పగలు ఆసుపత్రిలో ఎవరు ఎంతసేపు ఉన్నారు. మహీధర్ గంట. అమ్మ నాలుగు గంటలు. తను ఆఫీసుకి వెళ్ళొచ్చింది.

హైమావతి కాఫీ తెచ్చి చేతికిచ్చింది. "పొద్దుట్నించీ ఏమీ తాగలేదు. వేడిగా ఉంది, తాగు."

నందిత గ్లాసు అందుకుంది. తల్లి అటు తిరగ్గానే వంటింట్లోకి వెళ్ళి సింకులో ఒంపేసింది. తల ఎత్తేసరికి హైమావతి గుమ్మంలో నిలబడి ఉంది.

గోధుమరంగు నురగ సింకు జల్లెడలో గిరగిర తిరిగి దిగిపోయింది.

"పంచదార ఎక్కువైందా?" అంది హైమావతి.

"లేదమ్మా."

"సరేలే." ఆవిడ గ్లాసు తీసుకుని కడిగి బోర్లించింది. అరచేతులు రెండూ నల్లగా, ఎండిన నేలలా ఉన్నాయి. ఎప్పుడు అలా అయ్యాయో నందిత గమనించనే లేదు. ఈ మధ్య నడుస్తూ గోడ పట్టుకుంటోంది కూడా. అరికాళ్ళు మొద్దుబారుతున్నాయనీ, వయసనీ అంది.

నందిత గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. కన్నతల్లి ఉన్న ఇంట్లో గడియ పెట్టుకోవడం అదే మొదటిసారి.

*

గురువారం మధ్యాహ్నం మహీధర్ వెంట యాకూబ్ వచ్చాడు. కడప వైపు మనిషి, మహీధర్ యార్డులోనే పని. భుజాన పసుపు పెట్టె. అందులో హెయిర్ డ్రయ్యరంత ఎక్స్‌రే యంత్రం. మూతి ఆనించి మీట నొక్కితే, ఆ వస్తువులో ఏ లోహాలున్నాయో పావు నిమిషంలో తెర మీద పేర్లు పడతాయి. ఓడ పైపుల మీద, పాత రంగుల మీద వాడతారు. దాన్ని ముట్టుకునే లైసెన్సు యాకూబ్‌కే ఉంది.

"యార్డులో తెలిస్తే ఇద్దరినీ సముద్రంలోకి తోస్తారన్నా," అన్నాడు యాకూబ్ చెప్పులు విప్పుతూ. "ఈత నీకన్నా వచ్చునా?"

ఎవరూ నవ్వలేదు. అతను గొంతు సవరించుకుని పని మొదలుపెట్టాడు.

మొదట మహీధర్ డ్రెస్సు. రాగి, జింకు, ఇనుము. ఆర్సెనిక్ పేరు లేదు. బూట్లు, వాషింగ్ మెషీన్ డ్రమ్ము, ఉయ్యాల, బొమ్మలు, కుంకుమ భరిణె, పసుపు డబ్బా, హైమావతి మందులు. ఒక్కో వస్తువు దగ్గర నందితా మహీధర్ తెర మీదికి వంగారు. ఒక్కోసారి యాకూబ్ తల అడ్డంగా ఊపాడు.

గంట గడిచింది. ఇంట్లో ఏమీ మిగల్లేదు.

"ఇంగ యాడ పెట్టేది వదినా?"

నందిత తలుపు తీసి కారిడార్‌లోకి వచ్చింది. మధ్యాహ్నపు ఎండ వియ్యంకుడి మీద సగం పడుతోంది. గవ్వ కళ్ళు మెరుస్తున్నాయి. మూడు నెలలుగా తను ఈ గుమ్మం దాటేటప్పుడు తల ఎత్తడం మానేసింది. ఇప్పుడు ఎత్తింది.

"దానికి పెట్టు."

మహీధర్ కుర్చీ ఎక్కబోతుంటే యాకూబ్ ఆపాడు. "నువ్వు ముట్టొద్దన్నా. గ్లౌజులున్నాయి నాకి." తనే కుర్చీ ఎక్కి యంత్రం మూతి నల్లటి నుదుటికి ఆనించాడు. ఎవరి కణతకో తుపాకీ గురిపెట్టినట్టే ఉంది. మీట నొక్కాడు. తెర చూశాడు. మాట్లాడకుండా ముక్కు మీదికి జరిపి మళ్ళీ నొక్కాడు.

"ఏంట్రా?" అన్నాడు మహీధర్.

"ఆర్సెనిక్. సీసం కలిసుంటే ఈ యంత్రం ఒక్కోసారి తికమక పడతాది. సీసం లేదు ఈడ. ఇది నికార్సుగా అదే." యాకూబ్ గొంతులో ఇందాకటి హాస్యం లేదు. "కిందికి దించుతా, పాతపేపరు పరచండి."

పేపరు మీద బోర్లించాక వెనక వైపు కనిపించింది. తొలిచిన చెక్క గాడుల్లో తెల్లటి పిండిలాంటి దుమ్ము. మూలన సన్నటి బ్రష్షుతో రాసిన అంకెలు, అరిగిపోయిన ఒక మ్యూజియం ముద్ర.

మహీధర్ నేల మీద చతికిలబడ్డాడు. రంగులూ చెక్కా అతని వృత్తి. "పాతకాలం మ్యూజియంలలో పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పొడి చల్లేవాళ్ళు. తోళ్ళకీ, ఈకలకీ, చెక్కలకీ. వందేళ్ళయినా పోదది. చెక్కినవాడి తప్పేం లేదు. దాచినవాళ్ళు పూసిన విషం."

"కానీ ఇది ఇంటి బయట ఉంది," అంది నందిత. "అంత ఎత్తులో ఉంది. పాప ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆసుపత్రికి ఎలా వచ్చింది?"

యాకూబ్ ముఖాన్ని మెల్లగా వెల్లకిలా తిప్పాడు. "వదినా, ఇది సూడు."

ఎడమ చెంప కింద, గడ్డం వంపులో, కారిడార్‌లో నడిచేవాళ్ళకి కనబడని చోట, నలుపు లేదు. అరచేయంత మేర లేత రంగు చెక్క బయటపడి ఉంది. సన్నటి గీతలు, పక్కపక్కనే, ఓపికగా, పిన్నుతో గీకినట్టు. గీతల చివర ఆముదం వాసన కొట్టే జిడ్డు.

ఎవరో మళ్ళీ మళ్ళీ కొంచెం కొంచెం గీకి తీసుకెళ్ళారు.

నందిత మహీధర్‌ని చూసింది. మహీధర్ నందితని చూశాడు. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. మూడో మనిషి పొద్దున్నే పిల్లకి తోడుగా ఆసుపత్రికి వెళ్ళింది.

నందిత ఆసుపత్రికి ఫోను చేసింది. వార్డులో నర్సు ఎత్తింది. హుషారైన గొంతు.

"మీ అమ్మగారు ఇక్కడే ఉన్నారు. కంగారు పడకండి, నేను గదిలోనే ఉన్నాను. తినడానికి ఏమీ పెట్టలేదు. పాప పాదాలు రుద్దుతున్నారు, అంతే. ఎంత ప్రేమో ఆవిడకి."

"చేతిలో ఏముంది?"

"ఏమీ లేదు. చిన్న డబ్బీ. బామ్ అనుకుంటా."

"ఆ పాదం పట్టుకోండి," అంది నందిత. "పాప నోట్లోకి వెళ్ళనివ్వకండి. ఆ డబ్బీ లాక్కోండి. డాక్టరుని పిలవండి. ప్లీజ్, ఇప్పుడే."

*

వాళ్ళు వెళ్ళేసరికి నిఖిల మరో గదిలో ఉంది. పాదాలు తుడిచి, నోరు శుభ్రం చేసి, మళ్ళీ రక్తం తీశారు. నోట్లోకి వెళ్ళలేదని డాక్టర్ టాన్ రెండుసార్లు చెప్పింది. నందిత మూడోసారి అడిగింది.

హైమావతి ఇద్దరు నర్సుల మధ్య కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా ఫరీదా. బల్ల మీద కవర్లో స్టీలు డబ్బీ, పావలా బిళ్ళంత.

"ఏంటే ఇది," అంది హైమావతి కూతుర్ని చూడగానే. "దొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. దిష్టి చుక్క పెడితే తప్పా ఈ దేశంలో?"

"అందులో ఏముందమ్మా?"

"కొట్టు కాటుక వద్దన్నావు. సీసం ఉంటుందని నేను తెచ్చినది చెత్తబుట్టలో పడేశావు. సరే, నీ మాట తీసెయ్యలేదు. ఒక్కరోజు కూడా కొట్టు కాటుక పెట్టలేదు."

"మరి?"

"వియ్యంకుడి నలుపు. పిన్నుతో కొంచెం గీకి ఆముదంలో కలిపాను. ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ తన మీద వేసుకునే మొహం అది. దాని నలుపుకి మించిన చుక్క ఏముంటుంది? బుగ్గ మీద పెడితే నువ్వు తుడిచేస్తావని అరికాల్లో పెట్టాను."

అరికాల్లో. పిల్ల రోజంతా నోట్లో పెట్టుకునే పాదంలో.

"మొదటి రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టలేదేం?" అడిగాడు మహీధర్, చాలా నెమ్మదిగా.

"మూడు రోజులే కదా అని డబ్బీ తేలేదు బాబూ. ఈసారి వారం అవుతోంది. ఆదివారం చుక్క లేకుండానే పోయింది. మంగళవారం కూడా చుక్క లేకుండా ఎలా? నిన్న మళ్ళీ పెరిగిందన్నారని ఇవాళ కూడా పెట్టాను." ఆవిడ కూతురి వైపు తిరిగింది. "నేను ఊరికే లేను నందూ. జబ్బు తిరగబెట్టినప్పుడల్లా కొంచెం పెద్ద చుక్క పెట్టాను."

ఫరీదాకి తెలుగు రాదు. అయినా నందిత ముఖం చూసి రాయడం ఆపేసింది.

"అమ్మా. అది విషం. దాని మీద ఉన్నదంతా విషమే. యంత్రం పెట్టి చూశాం."

"విషమేంటే." హైమావతి చూపుడువేలు ఎత్తింది. వేలి కొసన ఇంకా నలుపు ఉంది. "ఇది విషమా? ఇదిగో," అంటూ నాలుక మీదికి తీసుకెళ్ళింది.

మహీధర్ ఒక్క అంగలో వెళ్ళి ఆ మణికట్టు పట్టుకున్నాడు. నర్సు తడిగుడ్డతో వేలు తుడిచింది. డాక్టర్ టాన్ ఆ చేతిని వెలుతురులోకి తిప్పి అరచేతిని చూసింది. నల్లటి మచ్చలు, గట్టిపడిన బుడిపెలు. రెండో చెయ్యి కూడా చూసింది. "ఈవిడ రక్తం కూడా తియ్యాలి. ఇవాళే," అంది.

నందిత ఆ మాటని తెలుగులో చెప్పింది. హైమావతి తన అరచేతుల్ని తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది. ఆవిడ ముఖంలో రంగు ఎలా దిగిపోతోందో నందితకి కనబడింది.

"నేనేనా," అంది ఆవిడ. "ఇన్నాళ్ళూ పిల్లని నేనేనా."

ఆవిడ ఏడవలేదు. కళ్ళు అటూ ఇటూ కదిలాయి, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు. తర్వాత కూతురి చెయ్యి పట్టుకోబోయి, చటుక్కున వెనక్కి తీసుకుని చీర మడతల్లో దాచుకుంది.

"నందూ. ఇంకో డబ్బీ ఉంది."

*

ఆ రెండో డబ్బీని హైమావతి యీషున్ పేటలో ఉండే ప్రసన్నలక్ష్మికి ఇచ్చింది. గుడిలో పరిచయమైన మనిషి. ఆవిడ కూతురు అరుంధతి ఇరవై ఒక్క రోజుల కిందట మగపిల్లాణ్ణి కన్నది. పది రోజుల కిందట చూడ్డానికి వెళ్ళి, బిడ్డకి మంచి చుక్క అని చెప్పి ఇచ్చి వచ్చింది. ఇవాళ అక్కడ బారసాల.

నందిత టాక్సీలోంచి ఎనిమిదిసార్లు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బారసాల ఇంట్లో ఫోన్లు ఎవరు ఎత్తుతారు. పక్కన ఫరీదా అంబులెన్సుకి చిరునామా చెబుతోంది. ముందు సీట్లో హైమావతి. ఈవిణ్ణి తీసుకెళ్ళడం కుదరదని ఫరీదా మొదట అంది. "నేను చెబితే ఆగుతారు. మీరు చెబితే ఎవరో అనుకుంటారు," అన్న మాటని నందిత ఇంగ్లీషులోకి మార్చి చెప్పాక ఒప్పుకుంది.

ఇరవై ఒక్క రోజుల పిల్లాడు. నిఖిల బరువులో సగం కూడా ఉండడు. ఎర్ర లైటు దగ్గర టాక్సీ ఆగిన ప్రతిసారీ నందితకి ఆ చిన్న శరీరమే కళ్ళముందుకి వచ్చింది.

తొమ్మిదో అంతస్తు కారిడార్ నిండా చెప్పులు. తలుపు బార్లా తీసి ఉంది. హాల్లో ఉయ్యాల, చుట్టూ పట్టుచీరలు, లాలిపాట. ప్రసన్నలక్ష్మి చేతిలో అక్షింతల పళ్ళెంతో ఎదురొచ్చింది.

"రా వదినా, పాపకి బాగోలేదన్నారు, రారేమో అనుకున్నాం. ఈవిడెవరు?"

హైమావతి ఆగలేదు. గోడ పట్టుకోకుండా, మొద్దుబారిన కాళ్ళతోనే నేరుగా ఉయ్యాల దాకా నడిచింది. పిల్లాడి బుగ్గ మీద చుక్క ఉంది. నుదుటి మీద ఉంది. రెండు అరికాళ్ళలోనూ ఉంది. ఇంటికి ఇంతమంది వస్తున్నారని ఇవాళ పెద్దపెద్దవి పెట్టారు.

"పాట ఆపండమ్మా," అంది హైమావతి. "బిడ్డకి పెట్టిన నలుపు విషం. నేనిచ్చిందే. తెలియక ఇచ్చాను. నా మనవరాలు అదే విషంతో ఆసుపత్రిలో ఉంది. ఎవరూ చేత్తో తుడవకండి."

పాట ఆగిపోయింది.

"శుభమా అని పేరు పెట్టుకుంటుంటే ఏం మాటలు వదినా ఇవి," అంది ప్రసన్నలక్ష్మి. "నీకేమన్నా మతి పోయిందా?"

"పోయే వచ్చాను వదినా. తిట్టు తర్వాత. ముందు పిల్లాణ్ణి ఆసుపత్రికి పంపు."

ఫరీదా గ్లౌజులు తొడుక్కుని ఉయ్యాల మీదికి వంగింది. తడి గుడ్డతో ఒక్కో చుక్కా తీసి ఒక్కో కవర్లో వేసింది. పిల్లాడు నిద్రలో మూతి ముడిచాడు. అరుంధతి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పసుపు రాసిన ముఖం, పెదవి కింద ఒక నల్లటి మరక.

"నేను బుగ్గ మీదే ముద్దు పెట్టుకుంటానక్కా," అంది ఆ పిల్ల నందితతో. "రోజూ. ఎన్నోసార్లు. వాడికి నిన్నటి నుంచి పాలు ఇమడట్లేదు. అందరూ మామూలే అన్నారు."

ఫరీదా ఇంకో గుడ్డ తీసి అరుంధతి పెదవి కూడా తుడిచింది.

అంబులెన్సు మనుషులు వచ్చారు. తల్లీ బిడ్డా ఎక్కాక వెనక ఇంకొక్కరికే చోటుందన్నారు. ప్రసన్నలక్ష్మి చెప్పులు వెతుక్కుంటోంది. అరుంధతి తల అడ్డంగా ఊపింది.

"నువ్వు కాదమ్మా. ఆవిడ రావాలి."

"ఆవిడా? ఇంత చేసిన మనిషా?"

"ఆ డబ్బీలో ఏం కలిపిందో, ఎంత కలిపిందో ఆవిడకే తెలుసు. డాక్టర్లు అడిగితే నువ్వేం చెబుతావు?"

హైమావతి లిఫ్టు దగ్గర ఆగి ఫరీదా వైపు రెండు చేతులూ చాపింది. ఫరీదాకి అర్థమైంది. కొత్త గ్లౌజుల జత ఇచ్చింది. హైమావతి వాటిని తొడుక్కుని, పిల్లాడికి దూరంగా, అంబులెన్సులో ఆ చివర కూర్చుంది. ఫరీదా ముందు డ్రైవరు పక్కన ఎక్కింది.

తలుపు మూసేలోపు నందిత ఫోను మోగింది. మహీధర్. నిఖిల రక్తంలో ఇవాళ కొత్తగా ఏమీ చేరలేదనీ, మందు కొనసాగిస్తున్నారనీ, కిడ్నీల సంగతి ఇంకా చెప్పలేమన్నారనీ చెప్పాడు. శుక్రవారం గడువు తీసేశారా అని అడిగింది. ఫరీదా రిపోర్టు రాయాలట, అన్నాడు. అందులో ఎవరు పెట్టారన్న చోట ఒక పేరు ఉండాలట.

అంబులెన్సులో యూనిఫాం కుర్రాడు కాగితం పట్టుకుని అడుగుతున్నాడు. ఎంత కలిపారు, ఎన్నిసార్లు, ఎప్పటి నుంచి. నందిత బయట నిలబడి తెలుగులోకి మార్చి చెప్పింది.

"ఒక్కటీ తగ్గించకు అమ్మా."

హైమావతి తెల్లటి గ్లౌజు వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. పిన్నుతో గీకింది శనగ గింజంత. ఆముదం నాలుగు చుక్కలు. అరుంధతి బిడ్డకి పది రోజులు. నిఖిలకి పన్నెండు మంగళవారాలు, పన్నెండు ఆదివారాలు. ఆగింది. కూతురి ముఖం చూసింది.

"మధ్యలో జ్వరం వచ్చినప్పుడు రోజూ పెట్టాను," అంది. "అవి కూడా రాసుకోమను."